కరివేపచెట్టు కింద మట్టి వద్దు

ఏమండీ,

చెల్లెలికి నొప్పులని కబురొచ్చింది, మైపాడు పోతున్నాను. పరీక్షకు మట్టి తీసుకుపోయేదానికి రేపు గ్రామసేవకుడు గారు వస్తారు. ముంగిట్లో మల్లెలు మాడిపోయిన మడిలోనే అయిదు చోట్ల జానెడు లోతు తవ్వి, అంతా కలిపి, ఇవాళే నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో పోయండి. పోయినసారి ఈ మడి మట్టి ఇస్తే ఇంటి పరువు పోతుందని కరివేపచెట్టు కింద తీసిచ్చినారు. నేను రోజూ చేపలు కడిగిన నీళ్లు పోసే చోటది! మట్టికి ఏ లోటూ లేదని కాగితం రాదా మరి? మనం ఇచ్చేది మట్టిని, పెళ్లిచూపులకు పిల్లను కాదు.

పులుసు ఉట్టి మీద ఉంది.

కరుణ

అన్నట్టు, అప్పుడు మిగిలిన కరివేపచెట్టు మట్టి కుండలో పోసి, మీరు నాకోసం తెచ్చి ముంగిట్లో పెట్టిన మల్లెల్లో పచ్చిగా మిగిలిన ఒక కొమ్మ నాటినాను. చిగురేసి వారమైంది. మీ మీద కోపంతో చెప్పలేదు, అంతే.