శిరీష కొన్న జుట్టు మిషను

రవణమ్మా,

నాకు అక్షరాలు కుదురుగా రావు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. మన మనవరాలు శిరీష సోమవారం నుంచి బట్టల కొట్లో పనికి పోతుంది. జుట్టు సాపు చేసే మిషను కావాలంటే నిన్న ఆత్మకూరు తీసుకుపోయాను. రింగుల జుట్టుకు పలకలు వెడల్పుగా ఉండి, వేడి తగ్గించుకునే మీట ఉన్నది మేలన్నాడు కొట్టువాడు. అదే కొన్నాం.

ఈ పొద్దు తలంటుకున్న పిల్లకు, నువ్వు చేసినట్టే, నేనే ఆముదం రాశాను. ఆ తల మీదే మిషను పెట్టింది. చుయ్యిమని పొగ లేచింది.

"ఉన్న జుట్టుకేమయింది పాపా?" అని కసిరాను.

"గొర్రెబొచ్చు అనేది నువ్వే గదా తాతా. అవ్వను గూడా అట్నే అన్నావంట."

మందల్లో పెరిగినవాణ్ణి, ముద్దుగానే అన్నాననుకున్నాను. నువ్వు మాత్రం నా ఎదుట ఎన్నడూ జుట్టు ముడి విప్పలేదు. ఎందుకని నేనూ అడగలేదు. పాప ఆ మాట అన్నప్పటి నుంచి కూర్చోలేక ఇంటికీ దొడ్డికీ తిరుగుతూ ఉన్నాను.

శిరీష నూనె కడుక్కుని, తల ఆరబెట్టుకుని, సగం జుట్టు సాపు చేసింది. దగ్గరికి పోయి, "ఈ పక్క అట్నే ఉండనీ. బాగుండాది," అన్నాను.

"సగం సగం తలతో కొట్టుకి ఎట్ట పోయేది? ఆ ఎనక పాయలు పట్టుకో తాతా, నాకందడంలా."

పట్టుకున్నాను. ఎంత మెత్తగా ఉన్నాయో. నీవీ ఇట్లాగే ఉండేవేమో రవణమ్మా, నేను ముట్టుకుని చూసినవాణ్ణి కాదు.