ఇరవై మూడు ఇటుకలు

గౌరవనీయులైన మేనత్తగారి సన్నిధికి,

మొబైలు ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించే బృందంలో అందరికంటే చిన్నదైన మీ మేనకోడలు తల ఎత్తుకుని వ్రాస్తున్న ఉత్తరం.

మా కొత్త సిస్టమ్ ఏయే ఫోనుల్లో నడవాలో తేల్చే జాబితాను నాకు అప్పగించారు. మీ రిపేరు దుకాణానికి రోజూ వచ్చే ఆ నల్లని పాత మోడలు, జనం ‘ఇటుక’ అని పిలిచేది, అందులో లేదు. ఇది నిర్లక్ష్యం కాదు, నిర్ణయం. ఇటుకలో మెమరీ ఒక్క జీబీ. అందులో ఇమడాలంటే సిస్టమ్‌ను అందరికీ కుదించాలి. దాని చిప్పు తయారుచేసినవారు సాయం మానేసి నాలుగేళ్లయింది. మేము పదకొండుమందిమి, ప్రతి పాత ఫోనునూ భుజాన మోస్తే ఏ కొత్త ఫోనునూ సరిగా నడిపించలేము. పైగా పరీక్షించి చూద్దామన్నా మా ల్యాబులో పనిచేసే ఇటుక ఒక్కటీ లేదు. వచ్చే నెలాఖరుతో దానికి సెలవు. ఆ తర్వాత దానిలోని యాప్‌లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. మీ దగ్గరికి వచ్చేవారికి మీరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
కాలేజీ వాదపోటీల్లో ఓటమి ఎరుగని
మీ మేనకోడలు

తా.క. దీనికి ప్రతివాదం ఉండదని నా నమ్మకం. ఉంటే ఫోను చేయండి.

*

చిరంజీవి మేనకోడలికి,

ఒక చేత సోల్డరింగ్ ఐరన్, మరో చేత కలం పట్టుకుని అత్త పంపే దీవెనలు.

ఫోను చేయను. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల ఫోనులు చెవికి ఆనించి "హలో, హలో" అని పరీక్షించేదాన్ని. ఆ మాటంటేనే నాకు వెగటు.

నా చుట్టుపక్కల వీధుల్లో మూడువందల ఇటుకలు బతికి ఉన్నాయి. ఆసుపత్రి ఆయా డ్యూటీ వేళలు, బస్సు కండక్టరు టిక్కెట్ల లెక్క, కూరగాయలావిడ ఆర్డర్లు, అన్నీ వాటిలోనే. నీ ఉత్తరం చదివి వినిపించాను. "నా ఫోను నిక్షేపంగా ఉంటే దాన్ని చంపడానికి మీ మేనకోడలెవరమ్మా?" అంది కూరగాయలావిడ. ఆ ప్రశ్న నన్ను అడగాల్సింది కాదు, అందుకే నీకు పంపుతున్నాను.

నీ వాదన నాలుగుసార్లు చదివాను. అందులో అసలు ఇబ్బంది ఒక్కటే కనిపించింది: మీ దగ్గర ఇటుక లేదు. అంత పెద్ద ఆఫీసుకు ఎంత కష్టం వచ్చిందే! నోరు తెరిచి అడిగితే పంపనా? ఇదిగో, పార్సిలు.

ఇట్లు,
ఎవరి ఫోనునూ చావనివ్వని
మీ అత్త

తా.క. దాని కెమెరా దానిది కాదు. స్క్రీను కూడా కాదు. స్పీకరు ఎవరిదో నాకే గుర్తులేదు. బోర్డు, వెనుక మూత మాత్రం ఇటుకవే. ఒరిజినల్ కంటే బాగుంటుంది, దిగులుపడకు.

*

మేనత్తగారి పాదాల చెంతకు,

తా.క. చదవకుండా మీ ఫోనును ల్యాబుకు ఇచ్చిన అపరాధిని వ్రాస్తున్నాను.

మా సిస్టమ్ ముందుగా ఫోను పేరు అడుగుతుంది. పేరును బట్టి లోపల ఏయే భాగాలు ఉన్నాయో నిశ్చయించుకుంటుంది. మీ ఫోను తన పేరు ఇటుక అని చెప్పింది. తెరిచిన కెమెరా మాత్రం ఇటుక ఎన్నడూ కలలో కూడా చూడనిది. బొమ్మ తలకిందులుగా వచ్చింది. మా పెద్దసారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మన పోటీవాళ్లు రహస్యంగా చేస్తున్న ఫోనయ్యా! పాత మూత తొడిగి తిప్పుతున్నారు!" అని కేక పెట్టారు. ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని మీద పద్దెనిమిది పేజీల నివేదిక తయారైంది. అది మా అత్త చేతిపని అని చెప్పేసరికి గది గదంతా నన్నే చూసింది.

అత్తయ్యా, ఒక్క ఇటుకతో ఏదీ రుజువు కాదు. దయచేసి ఈ వివాదాన్ని ఇంతటితో ముగించండి.

ఇట్లు,
రెండు రోజులుగా క్యాంటీనుకు వెళ్లని
మీ మేనకోడలు

తా.క. తలకిందులు ఫోటోలో పెద్దసారే బాగున్నారని నివేదిక తొమ్మిదవ పేజీలో ఎవరో పెన్సిలుతో వ్రాశారు. నేను కాదు.

*

చిరంజీవి మేనకోడలికి,

బీరువాలో నా ఫోను పెట్టారని తెలిసి గర్వంతో పొంగిపోయిన అత్త ఆశీస్సులు.

ఒక్క ఇటుకతో ఏదీ రుజువు కాదన్నావు. ఒప్పుకున్నాను. అందుకని ఇరవై మూడు పంపుతున్నాను. ఏ రెండింటిలోనూ ఒకే రకం సరుకు లేదు. ఇక రుజువుకు లోటుండదు.

ఒక మాట అడుగుతాను. పేరు వినగానే లోపల ఏముందో నిశ్చయించుకోవడమేమిటే? నా బల్ల ముందుకు ఎవరొచ్చినా నేను ఫోను పేరు అడగను. మూత తీస్తాను. కెమెరాను పలకరిస్తాను, బ్యాటరీని పలకరిస్తాను, ఎవరికి వారే జవాబు చెబుతారు. కోట్లమందికి సిస్టమ్ చేసేవాళ్లకు ఆపాటి మర్యాద తెలియదా?

ఇట్లు,
వాదపోటీలకు ఎవరూ పిలవని
మీ అత్త

తా.క. బీరువాలో ఉన్నదానికి రోజూ ఛార్జింగు పెట్టమను. పస్తుంటే మొండికేస్తుంది.

*

మేనత్తగారికి,

జీవితంలో తొలిసారి ఓడిపోయి, ఆ ఓటమికి గర్విస్తూ మీ మేనకోడలు వ్రాస్తున్నది.

మీటింగులో మీకు వ్యతిరేకంగానే లేచాను. "భాగాలు మార్చిన ఫోనులు వాస్తవంలో లెక్కకు రానంత తక్కువ" అని మొదలుపెట్టాను. ఎదురుగా బల్ల మీద ఇరవై మూడూ నన్నే చూస్తున్నాయి. ఆ వాక్యాన్ని అక్కడే వెనక్కి తీసుకున్నాను. కూర్చుని, మళ్లీ లేచి, మీ పక్షాన వాదించాను.

గెలిచాం. ఇకపై సిస్టమ్ పేరును నమ్మదు. ప్రతి భాగాన్నీ విడిగా పలకరిస్తుంది. అందుకు ఫోను తెరుచుకోవడం నాలుగు సెకన్లు ఆలస్యమవుతుంది. ఇటుకల్లో ముఖం చూసి తాళం తీసే సదుపాయం ఉండదు, మెమరీ చాలదు. అయినా మీ మూడువందలకూ మరో మూడేళ్లు ఆయుష్షు.

పెద్దసారు ఇంకో మాటన్నారు: "జాబితా తేల్చాల్సింది మూత తీసేవాళ్లు కదమ్మా. ఆవిడనే అడుగు." ఈ ఉత్తరంతోపాటే జాబితా అధికారిణిగా మీ నియామకపత్రం వస్తుంది. దుకాణంలో కూర్చునే చేయవచ్చు. మీ మొదటి పనిగా, ఈ సిస్టమ్ పని కాక ఏడాదిగా నేను రూపుదిద్దుతున్న మా సంస్థ పలుచని ఫోనును జాబితాలో చేర్చండి. నమూనా పంపాను. లాంఛనమే.

ఇట్లు,
మీ పక్షాన నిలిచిన
మేనకోడలు

తా.క. సంతకం ఎక్కడ చేయాలో గుర్తు పెట్టాను. చదవనవసరం లేదు.

*

పలుచని ఫోను రూపకర్తకు,

జాబితా అధికారిణి తెలియజేయునది.

మీ దరఖాస్తు ఆసాంతం చదవడమైనది. నమూనాను మూడు రోజులు పరిశీలించడమైనది. ఒక్క స్క్రూ కూడా కనబడలేదు. అంతా జిగురుతో అతికించారు. బ్యాటరీ పోతే ఫోను పోయినట్టే. కెమెరాను పలకరిద్దామంటే లోపలికి దారి లేదు. మీ సిస్టమ్‌లో నాలుగు సెకన్లు నష్టపోయి మూడువందల ఫోనులను బతికించాము. తెరిచే వీలులేని ఒక్క ఫోను కోసం ఆ న్యాయాన్ని వదులుకోలేము. దరఖాస్తు తిరస్కరించడమైనది.

ఇట్లు,
జాబితా అధికారిణి

తా.క. పైది అధికారిణి మాట. ఇది అత్త మాట. తిరస్కరించే ముందు నీ ఫోనును వీధంతా తిప్పి చూపించాను. "ఇంత పలుచగానా! ఎవరు చేశారు?" అని కూరగాయలావిడ నోరెళ్లబెట్టింది. "మా అన్నయ్య కూతురు," అన్నాను. ఆ మాట మూడు రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. కవరులో నాలుగు చిన్న స్క్రూలు పెట్టాను. ఎక్కడ బిగిస్తావో ఆలోచించి మళ్లీ దరఖాస్తు పెట్టుకో.