వర్షిణి ఏ జట్టు?

గురజాల,
ఫిబ్రవరి, ఆదివారం

నాన్నకి,

నువ్వు ఫోను చేస్తూనే ఉన్నావు, నేను ఎత్తడం లేదు. ఎత్తితే "ముందు నే చెప్పేది ఇనవే" అంటావు. నువ్వు చెప్పడం అయ్యేసరికి నాకు ఏడుపొస్తుంది. అప్పుడు "ఏడవమాకమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం మధ్యలో అడ్డుతగలదు.

నిన్న మా హెడ్మాస్టరు నా చేతిలో ఆర్డరు పెట్టారు. సత్తెనపల్లి బడికి డిప్యుటేషన్. "మీ నాన్నగారు పెద్దవాళ్లతో మాట్లాడారటమ్మా, అదృష్టవంతురాలివి" అన్నారు. ఒళ్లు మండిపోయింది. నేను అడిగానా? నువ్వు నన్ను అడిగావా? పైగా మనిషిని పంపి కోటేశ్వరరావుకి నా తరఫున క్షమాపణ కూడా చెప్పించావట! ఏం తప్పు చేశానని నాన్నా? అసలు ఏం జరిగిందో నీకు తెలుసా? ఈసారైనా చివరిదాకా విను.

ట్రైనింగులో మాకొక పని ఇచ్చారు. క్లాసులో వాడుకునే ఆన్‌లైన్ టూల్స్ మూడు తీసుకుని, పిల్లలతో వాడి చూసి, ఏది పనికొస్తుందో పోల్చి రాయాలి. నేను ఏడో తరగతి లెక్కలకి వాడాను. మొదటిదానికి పిల్లలందరికీ తలా ఒక ఫోను కావాలి. ఇవి మిరపకాయ కోతల రోజులు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మతో చేలోకి పోతుంది. దాన్ని పక్కన పడేశాను. రెండోదానికి పిల్లలకి ఫోనక్కర్లేదు. అట్టముక్క మీద ఒక గుర్తు ఉంటుంది, జవాబును బట్టి దాన్ని తిప్పి పట్టుకుంటారు, నా ఫోను కెమెరా ఆ అట్టల్ని చూసి ఎవరు ఏం చెప్పారో చూపిస్తుంది. ఈ ఊళ్లో పెద్దమనిషిగా తిరిగే కోటేశ్వరరావు కూతురు వర్షిణి నోట్లో నాలుక లేని పిల్ల. ఏడాదంతా ఒక్క జవాబు పైకి చెప్పి ఎరగదు. అలాంటిది భిన్నాల్లో ప్రతి ప్రశ్నకీ అట్ట సరిగ్గా తిప్పింది! నేనే నోరెళ్లబెట్టాను.

మూడోది జట్ల ఆట. క్లాసులో ఉన్న పెద్ద స్క్రీను మీద ఆడాలి. పిల్లల్ని అదే రెండు జట్లుగా విడగొడుతుంది, రంగులూ అదే ఇస్తుంది. ఏ రెండు రంగులు ఇచ్చిందో నీకు చెప్పాలా? మన దగ్గర ఇంటి గేటుకి కూడా ఆలోచించి వేసుకునే ఆ రెండే. నాకు ఆ క్షణాన తట్టనే లేదు. వర్షిణి మీ పార్టీ రంగులో పడింది. "నన్ను మార్చండి టీచర్, మా నాన్న తిడతాడు" అంది. "ఆటేగా, కూర్చో" అన్నాను. కూర్చుంది. కాసేపటికి లేచి నిలబడి, అరిచి అరిచి జవాబులు చెప్పి జట్టుని గెలిపించింది. ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదటిసారి. మురిసిపోయి ఫొటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను.

తెల్లారి కోటేశ్వరరావు తిన్నగా క్లాసులోకే వచ్చాడు. "ఏందమ్మా, ఎడ్లపాడు కృష్ణయ్య కూతురివంట గదా నువ్వు! మా పిల్లని మీ పార్టీలో కలుపుదామనా? లెక్కలు చెప్పమంటే రంగులు పూస్తన్నావా?" అన్నాడు, పిల్లలందరి ముందు. ఆ రంగు కంప్యూటర్ ఇచ్చిందండీ అంటే, "చానా చూశాంలే ఇట్టాంటియ్యి!" అని వర్షిణి చెయ్యి పట్టి లాక్కుపోయాడు. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. తల్లితో వాళ్ల చేలో కోతలకి పోతోందట.

కోటేశ్వరరావు మీద నాకెంత కోపముందో నీ మీద అంతకు రెట్టింపు ఉంది. ఎందుకో తెలుసా? నా చిన్నప్పటి మాట, నేను కూడా ఏడో తరగతే. ఇస్మాయిల్ మాస్టారు లెక్కలు చెప్తుంటే నువ్వు గుమ్మంలోకి వచ్చావు. ఆ స్కూలు పెట్టినాయన ఎన్నికల్లో అవతలి పక్షాన నిలబడ్డాడని, "పదవే, ఈడ నీకు చదువేంది" అని పుస్తకాలు కూడా సర్దుకోనివ్వకుండా బండెక్కించావు. మాస్టారు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నువ్వు మర్చిపోయి ఉంటావు. నాకు ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఎందుకేడుస్తున్నావని కూడా నువ్వు ఆ రోజు అడగలేదు.

ఇప్పుడు మళ్లీ నన్ను చెయ్యి పట్టి లాక్కుపోతున్నావు. ఈసారి రాను. ఆర్డరు వెనక్కి ఇచ్చేస్తున్నాను. వర్షిణి బడికి వచ్చేదాకా ఈ ఊరు కదలను. నీ పలుకుబడి నీ దగ్గరే ఉంచుకో.

నీ కూతురు,
భావన

*

ఎడ్లపాడు

అమ్మాయి భావనని నాన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ అమ్మ పైకి చదివింది. నేను మర్చిపోయుంటానని రాశావే, ఆ ముక్క దగ్గర ఆపి నా మొహం చూసింది. మర్చిపోలా. బండి మీద నా వీపుకి మొహం ఆనించి ఏడ్చావు, చొక్కా తడిసింది. తెలిసే అడగలా. అడిగితే బండి వెనక్కి తిప్పాల్సొచ్చుద్దని అడగలా.

డిప్యుటేషన్ భయపడి చేయించా. ఆ ఊళ్లో నీకేమన్నా అయితే? ఇప్పుడు ఆర్డరు కాన్సిల్ చేయించా, అదీ నిన్నడక్కుండానే.

ఇంకో పని కూడా చేశా. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కోటేశ్వరరావు ఇంటికి పోయా. నేను వాళ్ల గడప తొక్కుతానని ఇటోళ్లూ అనుకోలా, అటోళ్లూ అనుకోలా. కూర్చోమని కూడా అనలా. "క్షమాపణకైతే అక్కర్లా, మీ మనిషొచ్చి చెప్పిపోయాడు" అన్నాడు. "ఆ క్షమాపణ వెనక్కి తీసుకుందామనే వచ్చా. మా అమ్మాయి తప్పేం చెయ్యలా. ఇది చదువు" అని ఉత్తరం చేతిలో పెట్టా. నిలబడే చదివాడు. "ఇది మీ ఇంటి గొడవ గదా, నాకేంది?" అన్నాడు. "ఇయ్యాళ మా ఇంటిది. రేపు నీ కూతురు కూడా నీకు రాసుద్ది. అప్పుడు చదవటానికి నీకు గుండె చాలదు. నాకే చాల్లా" అన్నా. ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. వచ్చేటప్పుడు మాత్రం లోపల్నించి మంచినీళ్లొచ్చాయి.

నీ ఉత్తరం పరాయివాడికి చూపిచ్చా. దానికీ తిట్టు. కాకపోతే ఫోనెత్తి తిట్టు.

మీ నాన్న,
కృష్ణయ్య

*

గురజాల

నాన్నకి,

ఫోనెత్తి తిడితే నవ్వేస్తావు, అందుకే ఇదీ ఉత్తరమే. నీకు రాసింది తీసుకెళ్లి వాడికి చూపిస్తావా? కాస్తయినా ఆలోచన ఉండక్కర్లేదూ? నా కోపం పోలేదు, పోయిందనుకోవద్దు.

సోమవారం వర్షిణి వచ్చింది. తండ్రే బండి మీద దించాడు. నా వైపు చూడలేదు, నేనూ పలకరించలేదు. పిల్ల వేళ్లు మిరపకాయల మంటకి ఎర్రగా పొంగి ఉన్నాయి, పెన్ను పట్టుకోలేకపోయింది. ఆ పూటంతా వాణ్ని మనసులో తిట్టుకుంటూనే పాఠం చెప్పాను.

శుక్రవారం జట్ల ఆట మళ్లీ పెట్టాను. వెతికితే రంగులు మార్చుకునే చోటు దొరికింది. ఏ పార్టీకీ అక్కర్లేని ఊదా, గోధుమ రంగులు పెట్టబోయాను. పిల్లలు ఊరుకుంటేనా! "అయ్యే ఉండనీండి టీచర్, ఎటు పడితే అటే ఆడతాం!" అని ఒకటే గోల. సరేనన్నాను. ఖర్మ, వర్షిణి మళ్లీ మీ రంగులోనే పడింది. మార్చమని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఈసారి వాళ్ల జట్టు ఓడిపోయింది.

ఇవాళ పొద్దున తండ్రి బండి దిగీ దిగకముందే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "టీచర్, రాత్రి మా నాన్న అడిగాడు" అంది. "ఏ రంగులో వేశారనా?" అన్నాను, కోపం తన్నుకొస్తుంటే. "కాదు టీచర్. ఎట్టా ఓడావే అని. ఏ లెక్క తప్పిందో చెప్పమని పక్కన కూర్చోబెట్టుకున్నాడు."

నువ్వు నన్ను ఒక్కసారైనా అలా అడిగి ఉంటే ఎంత బాగుండేది నాన్నా. ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.

భావన