నక్షత్రం పక్క బోర్డు

ఇబ్రహీంపట్నం

ప్రియమైన చెల్లీ స్టెల్లా,

కాన్వెంట్‌లో ఫోన్ ముట్టనివ్వరు కాబట్టి, నీ పుణ్యమా అని నాకు ఉత్తరాలు రాయడం వచ్చింది. బాపు బాగున్నాడు. మా సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో డ్రాయింగులు కలిపే పని ఇప్పుడు నాదే. ఒకే గుడ్డలో నాలుగు రవికలు కత్తిరించినట్టు, వేర్వేరు కంపెనీల చిన్న బోర్డులను ఒక పెద్ద పలకపై సర్దుతాను. మధ్యమధ్య గాట్లు ఉంటాయి. భాగాలు అతికించాక గాటు మీద విరిస్తే ఏ బోర్డుకా బోర్డు ఊడి వస్తుంది. ఆమధ్య ఒక మూల కాస్త చోటు మిగిలింది. పక్క బోర్డును అడ్డంగా తిప్పి, నీకోసం నక్షత్రం ఆకారంలో చిన్న బోర్డు ఇరికించాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను, దాచుకో.

నీ అక్క
లీదియా

*

ప్రియమైన అక్కా,

నక్షత్రం అందింది. మదర్ చూసి నవ్వి, ఉంచుకోమన్నారు. నన్ను మా కాన్వెంట్ దవాఖానలో పసిపిల్లల గదికి వేశారు. ఒళ్లు నొప్పులే గానీ మనసు హాయిగా ఉంది. ఒక్కటే ఫిర్యాదు. నక్షత్రం ఒక అంచు గరుకుగా ఉండి వేలికి గుచ్చుకుంటోంది. బాగా వంచి విరిచినట్టున్నారు. అటుపక్క ఏ బోర్డు ఉండేది?

ప్రార్థనలో నిన్ను తలచే
స్టెల్లా

*

స్టెల్లా, నా తల్లీ,

నీ ప్రశ్న చదివి పాత డ్రాయింగ్ తెరిచాను. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. పక్కన ఉన్నది పసిపిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్ బోర్డు. నేను తిప్పడం వల్ల, వేడిని కొలిచే చోట బియ్యపు గింజంత భాగం సరిగ్గా గాటు పక్కకు వచ్చింది. విరిచేటప్పుడు అది కంటికి కనపడకుండా చిట్లుతుంది. కొన్నాళ్లు బాగానే పనిచేసి, తర్వాత వేడి ఎంత పెరిగినా తక్కువే చూపిస్తుంది.

మా మేనేజర్ ధర్మేందర్ సారుకు చెప్పాను. "టెస్టుల పాసైనయి గదా లీదియా. నోరు మూసుకొని పని చేసుకో" అన్నాడు. వార్మర్ల కంపెనీకి నేనే చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో తలచుకోలేను. భయపడకు అని ఒక్క ముక్క రాయి.

లీదియా

*

అక్కా,

మదర్ ఫోన్ ఇచ్చారు. ఎంత చేసినా నీది మోగుతూనే ఉంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టినట్టున్నావు. అందుకే మా డ్రైవర్ బాలస్వామి అన్న చేతికి ఇది ఇచ్చి పంపుతున్నాను.

మా గదికి వచ్చిన కొత్త వార్మర్‌లో ఒక ఆడబిడ్డ పడుకుని ఉంది. నేను పక్కనే కూర్చుని జపం చేసుకుంటున్నాను. తల్లి వచ్చి, "సిస్టరమ్మా, బిడ్డ ఎందుకు గట్ల ఎర్రబడ్డది?" అని అడిగింది. వార్మర్ మీద వేడి చూపే అంకె చూపించి, అంతా సరిగ్గానే ఉందన్నాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. చదువుతూనే లోపల చెయ్యి పెట్టాను. పక్కబట్ట కాలిపోతోంది. అంకె మాత్రం మారలేదు.

బిడ్డను తీసి తల్లి గుండెలకు అదిమాం. ఇప్పుడు పాలు తాగుతోంది. నా చెయ్యి ఇంకా మండుతోంది.

భయపడకు అని రాయమన్నావు. రాయలేను. మిగతా వార్మర్లు ఏయే ఊళ్లలో వెలుగుతున్నాయో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఈ ఉత్తరం మడవకముందే ఆ కంపెనీకి ఫోన్ చెయ్యి. నక్షత్రం తిరిగి పంపుతున్నాను. వాళ్లు నమ్మకపోతే దాని అంచు చూపించు.

నీ చెల్లెలు
స్టెల్లా