కంటికొలత

ఊరంతా కుట్టుపెద్దమ్మ అని పిలిచే నేను, డెబ్బై నాలుగో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి తిన్నగా ఉండగా రాయిస్తున్న వీలునామా ఇది. నా తెలివి ఎప్పుడూ తిన్నగానే ఉండేది. అందుకే జరిగినదానికి సాకు దొరకడం లేదు.

1. ఇల్లు, దాని కింది కుట్టు దుకాణం, మూడు మిషన్లు నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి.

2. నా పెద్ద కత్తెర చెల్లెలికి. పాతికేళ్ళుగా అడుగుతోంది, మొండికేసి ఇవ్వలేదు. సాన పట్టించుకోవాలి.

3. దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్ళు కాజాలు కుట్టినామెది దిగువ వీధి. "ఆ వీధి వాళ్ళ ఒంటికి టేపు తగలనీయకు, కంటితో చూసి కోసెయ్" అని నాన్న నేర్పాడు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు. ఆమె కూతురికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, అడగలేక అడగలేక ఒక చొక్కా కుట్టిపెట్టమంది. పిల్లని నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, చూసి కోశాను. ఆఫీసులో మొదటిరోజే పై అరలోని ఫైలు అందుకోబోతే, అందరిముందూ చంక దగ్గర పర్రున చిరిగింది. తల్లి మర్నాడు వేళకే పనికొచ్చింది, పల్లెత్తు మాట అనలేదు. నేను మాత్రం అన్నం దగ్గర "ఆ భుజాలే అంత" అన్నాను. ఆరేళ్ళ నా కూతురు విన్నది. మర్నాడు పక్కింటి పిల్లని దూరంగా నిలబెట్టి, ఒక కన్ను మూసి, "కదలకు, కంటితో కొలుస్తున్నా" అంది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. నవ్వనిది చెల్లెలొక్కతే.

4. పోయిన నెల మనవరాలు బడి నాటకం బట్టల కోసం దిగువ వీధి స్నేహితురాలిని తీసుకొచ్చింది. నా కూతురు టేపు మెడలోనే ఉంచుకుని ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

చిరిగిన ఆ చొక్కా గుర్తొచ్చి, "టేపు పెట్టి కొలవవే" అన్నాను.

"ఇదేంటమ్మా కొత్తగా? నువ్వు నేర్పిందేగా!"

అది వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? లేచి నేనే కొలిచాను. టేపు రెండుసార్లు జారింది. పిల్ల చక్కిలిగిలి అంటూ నవ్వింది.

5. మర్నాడు కాజాలామె ఇంటికి వెళ్ళాను. నాలుగు వీధుల అవతలే ఉన్న ఆ గడప తొక్కడం అదే మొదలు. దుకాణం ముందుగది రాసిస్తానన్నాను.

"నాకెందుకమ్మా ఆ గది? రాయాలనుంటే మీరు చేసింది రాయండి. మీ మనవరాలు చదువుకుంటుంది" అంది.

అందుకే పైన 3, 4 అంశాలు రాయించాను. వీటిని నా కూతురు ఒక్క మాటా వదలకుండా తన కూతురికి పైకి చదివి వినిపించాలి. చదవకపోతే ఆస్తి పోతుందని రాయడం లేదు. బెదిరించి నేర్పడం నాన్న పద్ధతి.

తేదీ: మార్చి 11, సోమవారం, పగలు పదిన్నర.

సంతకం: కుట్టుపెద్దమ్మ

సాక్షులు:
ఒకటి, వకీలుగారి గుమాస్తా.
రెండు, కాజాలామె. ఏమీ పుచ్చుకోలేదు గనుక సాక్షిగా ఉండవచ్చని వకీలుగారు చెప్పారు. కాగితం మొత్తం చదివి సంతకం పెట్టింది. క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకూ లేదు.