తాత పేరు కింద నా పేరు

గ్లెంటీస్, ఐర్లండ్, మార్చి నెల

ప్రేమగల అమ్మకి,

నీ కొడుకు తాగుబోతు కాదు, దొంగ కాదు, బండితో ఇంతవరకూ ఒక కోడిపిల్లని కూడా తొక్కించలేదు. అయినా నిన్న లెటర్‌కెన్నీలో ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లెక్కేసరికి నేరస్థుణ్ణయిపోయాను. నా నేరాలేమిటో విను: పద్దెనిమిదేళ్ళ వయసు, మగ పుట్టుక, బస్సు మొహం చూడని కొండదారి చివర ఇల్లు. కంప్యూటర్ ముందు కూర్చున్నావిడ చెప్పిన ధరకి తాత కారులాంటి డొక్కులు మూడు కొనొచ్చు.

"ఇది బీమానా, జరిమానానా?" అన్నాను.

"అరవకు నాయనా. అందరూ చేసేదే నువ్వూ చెయ్యి. ఇంట్లో పెద్దవాళ్ళ పాలసీ ఉంటే దాని కింద నీ పేరు చేర్చు."

"అలా చేరిస్తే మంచి డ్రైవర్నయిపోతానా?"

"కాదు, చవక డ్రైవరువి అవుతావు."

ఈ దోపిడీ గురించి యూనియన్ ఆఫీసులో ఇచ్చిన కరపత్రం నాకు నోటికి వచ్చు. 'పేదవాడి చిరునామా కూడా వాడిమీద సాక్ష్యమే' అని ఉంది అందులో. అక్కడే నిలబడి ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ నా వెనకవాణ్ణి పిలిచింది.

సెప్టెంబరు లోపల కారు నడపడం రాకపోతే కరెంటు పనిలో చేరడం కల్ల. ఇంకొకణ్ణి తీసుకుంటామని ముందే చెప్పారు. అందుకని పళ్ళు బిగబట్టుకుని మీ నాన్న దగ్గరికే వెళ్ళాను. మేనస్ తాత సంగతి నీకు తెలుసుగా, బతికున్నవాళ్ళని పలకరించడు గానీ చచ్చినవాడి ఇల్లు ఒక్కటీ వదలడు.

"నా పేరు కింద దూరతావా? దూరు," అన్నాడు. "చక్రం నీది, దారి నాది. ఈ చుట్టుపక్కల ఎవడు పోయినా నన్ను తీసుకెళ్ళాలి."

నేర్చుకునేవాడి పక్కన పూర్తి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి కదా. అలా ఒకరి మెడకి ఒకరం కట్టుకున్నాం. అప్పట్నించీ వారం వారం శవాలే. వెళ్ళడం, చేతులు కలపడం, టీ తాగడం, పోయినవాడి గురించి ఒక మంచి అబద్ధం చెప్పడం, పందిమాంసం పెట్టిన రొట్టెముక్క జేబులో వేసుకోవడం. దారి పొడుగునా నాకు తిట్లు.

"ఒరేయ్ విప్లవం! గేరు మార్చు. అదే మార్చలేనివాడివి లోకాన్నేం మారుస్తావురా?"

భరిస్తున్నాను. సెప్టెంబరు వరకే.

నీ కొడుకు,
డాహీ


జూన్

అమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పోయిన వారం ఆర్డరా ఊళ్ళో ఒక గొర్రెలకాపరి పోతే వెళ్ళాం. తాత గదిలోకి నడిచి, టీ అందిస్తున్న పక్కింటావిడ చెయ్యి పట్టుకుని, "నీ మొగుడు బంగారం తల్లీ" అన్నాడు. అసలు భార్య ఆ పక్కనే నిలబడి ఉంది. ముసలాడి వేళాకోళం అనుకుని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు గమనించాను. "ఎడమ పక్క కంచె ఉందిరా గాడిదా!" అని అరిచాడు. ఎడమ పక్క కంచె లేదు, చెరువుంది.

పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వే బురదనేల మధ్య వాన పడుతుంటే కారాపాను. "ఇల్లొచ్చింది, దిగు" అన్నాను.

దిగాడమ్మా. గేటు గడియ కోసం రెండు చేతులూ చాపి గాలిలో తడుముకున్నాడు. ఒక కాలు బురదలో మోకాలిదాకా దిగబడింది. నేను అద్దం దించి చూస్తూ కూర్చున్నాను.

"ఒరేయ్, గేటు ఎవడు పీకాడురా?"

"నాకు దారి చూపించేవాడివి కదా తాతా. నువ్వే చూసుకో."

టోపీలోంచి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత అన్నాడు: "చూపు ఆనట్లేదని రెండేళ్ళ కిందటే డాక్టరు సంతకం పెట్టనన్నాడు. లైసెన్సు పోయింది. చెబితే పాలసీ పోతుంది. పాలసీ పోతే నీకెవడిస్తాడు?"

"నా కోసం చేశావా? శవాల ఇళ్ళలో రొట్టెల కోసం కాదూ?"

"అదీనూ," అన్నాడు.

అంటే ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్నది లైసెన్సు లేని మనిషి. నేను నడిపింది చెల్లని కాగితం మీద. దోచుకునేవాడి మీద ఎంత కోపమో, కుళ్ళిన అబద్ధం మీదా నాకంత కోపం. మర్నాడు లెటర్‌కెన్నీ వెళ్ళి అదే ఆఫీసులో అంతా చెప్పేశాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "నువ్వేం చెబుతున్నావో తెలుసా? వెళ్ళి టీ తాగి రా. నేనేమీ వినలేదు."

"వినండి," అన్నాను. మళ్ళీ చెప్పాను.

పాలసీ రద్దయింది. తాత నన్నొక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆయన ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఇప్పుడు నా స్నేహితుడు యూనన్ వాళ్ళ పెరట్లో పాత కారవాన్‌లో ఉంటున్నాను. అంగట్లో నా వెనక ఎవరో 'ఇన్ఫార్మర్' అన్నారు, సొంతవాళ్ళని పట్టించినవాణ్ణట. మన ఊళ్ళో ఆ మాట పడ్డవాడితో ఎవరూ బల్ల పంచుకోరని నాకు తెలుసు. నిజం చెప్పినవాడు ఒంటరివాడే. నాకు సిగ్గేం లేదు.

డాహీ


ఆగస్టు

అమ్మా,

నువ్వు జవాబు రాయలేదు. గ్లాస్గో ఆసుపత్రిలో నేలలు తుడిచి అలిసిపోయి ఉంటావు.

తిరగని ఆఫీసు లేదు. ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: 'మీ పేరున్న పాలసీ ఎప్పుడైనా రద్దయిందా?' అవునంటే ధరైనా రెట్టింపు, తలుపైనా మూత. చేజేతులా కొనితెచ్చుకున్నావని యూనన్ నవ్వాడు. వాడితో మాట్లాడటం మానేశాను.

అందుకని అడుగుతున్నాను. నీకు లైసెన్సుంది, మచ్చ లేదు. నువ్వు ఇంటికి తిరిగొచ్చేశావనీ, కారు ఎక్కువగా నడిపేది నువ్వేననీ రాయించు. దాని కింద నా పేరు చేర్చు. కారు ఇంకా తాత కొట్టంలోనే పడుంది, దాన్ని నీ పేరుకి మార్పించు. ఎలాగూ ఆయనకి పనికిరాదు.

ఇదీ అబద్ధమే కదా అంటావు. కాదు. తాత భయపడి దాచాడు. నేను అన్నీ తెలిసి, దొంగ దగ్గర నా వాటా లాక్కుంటున్నాను. ఈ తేడా అర్థం కావాలంటే నువ్వు కాస్త చదవాలి. కరపత్రం ఇందులో పెడుతున్నాను.

సెప్టెంబరు ముంచుకొస్తోంది. త్వరగా.

డాహీ


గ్లాస్గో

డాహీ,

పాలసీకి నా పేరు పెట్టేశాను. అబద్ధమని తెలిసే పెట్టాను, దానికి నాకు కరపత్రం అక్కర్లేదు. కారు కూడా నా పేరుకి మారింది. పక్కన కూర్చోవడానికి యూనన్ వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు.

నువ్వడిగావని చేసింది కాదిది. పాలసీ రద్దయిన రోజు సాయంత్రమే మా నాన్న ఫోన్ చేశాడు. "నోరా, పిల్లాడికి పని పోతుందే. నీ పేరు పెట్టు. నేను చెప్పానని మాత్రం అనకు, వాడికి సిద్ధాంతముంది" అన్నాడు. బురదలో దించిన సంగతి ఆయన చెప్పలేదు. అది నీ ఉత్తరంలోనే చదివాను.

నువ్వు ఈ మాట అడగవని ఆశపెట్టుకుని ఇన్నాళ్ళూ ఆగాను. అడిగావు. చెప్పొద్దన్న మాట నీకెందుకు చెబుతున్నానంటే, నీకు నొప్పెట్టాలని.

ఇక వెళ్ళి పనిలో చేరు. బాగా సంపాదించు. ఒక్కటే షరతు. మా నాన్న ఇంటి ముందునుంచి పోయేటప్పుడు వేగం తగ్గించకు. ఆ ఇంజను చప్పుడు ఆయనకి తెలుసు. ఎవరో పోయారనీ, నువ్వు తీసుకెళ్ళడానికి వచ్చావనీ అనుకుని, నల్లకోటు తొడుక్కుని రోడ్డు మీదకి వచ్చేస్తాడు.

నోరా