ఎక్కడికని అడిగాను

ఏమండీ,

మీ తద్దినం సక్రమంగా జరిగింది. భోక్తలు వెళ్ళాక మన మనవరాలు శైలజ ఫోన్ చేసింది. అదిప్పుడు సైకిలు మీద దేశాలు తిరుగుతోంది. చూసినవన్నీ ఇంటర్నెట్‌లో బ్లాగుగా రాసి, చదివినవాళ్ళిచ్చే చందాలు పసిపిల్లల గుండె ఆపరేషన్లకు పంపుతోంది. రామచంద్రపురం నెట్ సెంటరుకు వెళ్ళి అన్నీ చదువుతాను.

పోయిన నెల మంచుకొండల్లో కొన్నాళ్ళు దాని జాడ తెలియలేదు. దాని స్నేహితురాలు ఫోన్ చేసి, "ఏ దారిన వెళ్తానందండీ, మామ్మగారూ?" అంటే తెలియదన్నాను. బయల్దేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే అపశకునమని నేనెప్పుడూ అడగను. మీరు మాత్రం, నేనెంత కసిరినా, దాన్ని గుమ్మంలో ఆపి అడిగేవారు.

ఈరోజు అది, "రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా అమ్మమ్మా" అంది.

"ఎక్కడికే?" అన్నాను.

అది నవ్వింది. "అచ్చం తాతయ్యలా అడిగావేంటి!" అని, ఎడారి దాటుతున్నానంటూ దారిలో ఊళ్ళ పేర్లన్నీ చెప్పింది. రాసుకున్నాను.

ఫోన్ పెట్టేయగానే, అపశకునం చేశానేమోనని ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మీరు అడిగి పంపిన ప్రతిసారీ అది క్షేమంగా తిరిగొచ్చింది. నేను అడగడం ఇదే మొదలు. ఈ ఒక్కటీ మీరే అడిగినట్టు మీ ఖాతాలో రాసుకోండి.